అల్లుడి జీతం పోయింది, అమ్మాయి వీసా పోలేదు

2025 మే నెలలో ఓ రాత్రి పదకొండు దాటాక మా పిన్ని ఫోన్ చేసింది. ఆ టైంలో ఫోన్ మోగితే ఎవరికో ఏదో అయిందనే అనుకుంటాం, నేనూ ఉలిక్కిపడి లేచాను. "అల్లుణ్ణి ఉద్యోగంలోంచి తీసేశార్రా, ఇంక మన పిల్ల ఇక్కడే ఉండిపోవాలా" అని ఒకటే ఏడుపు. వెనకాల బాబాయి గొంతు: "ఏజెంటు చెప్పాడు, కేసు పోయినట్టేనట."

సంగతేంటంటే, మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. మహేంద్రతనయ నది దాటితే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం, ఇవతల మేము. పిన్ని కూతుర్ని బరంపురం సంబంధానికి ఇచ్చారు. అబ్బాయి అమెరికా సిటిజన్, న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్ళయిన ఏడు నెలలకి కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతింది, ఆపరేషన్ అయింది, ఎడమకాలు ఇప్పటికీ సరిగ్గా పట్టు దొరకదు. కొన్నాళ్ళు సెలవిచ్చిన కంపెనీ తర్వాత చేతులు దులుపుకుంది. అప్పటికి మా చెల్లిని పిలుచుకోవడానికి బావగారు వేసిన ఐ-130 పిటిషన్ ఆమోదమై, కేసు నేషనల్ వీసా సెంటర్ దగ్గరికి వచ్చింది. సరిగ్గా అక్కడే డబ్బు సంగతి అడుగుతారు.

నేను లాయర్ని కాదు, స్కూలు మాస్టర్ని. కానీ ఆ తర్వాత నాలుగు నెలలు ఆ కాగితాలతోనే కాపురం చేశాను కాబట్టి, మనలాంటి ఇళ్ళలో ఎవరికైనా ఇదే పరిస్థితి వస్తే ఎక్కడ కంగారు పడాలో ఎక్కడ అక్కర్లేదో చెప్పగలను.

ముందు ఆ ఏజెంటు మాట సంగతి. అల్లుడికి ఉద్యోగం లేదు కనుక కేసు పోయిందన్నాడు, రెండు రోజులాగి ఇంకో సలహా ఇచ్చాడు: అమ్మాయిని టూరిస్టు వీసా మీద పంపేయండి, అక్కడికి వెళ్ళాక మార్చుకోవచ్చు అని. మొదటిది తప్పు. రెండోది ప్రమాదం. అక్కడే ఉండిపోయే ఉద్దేశం మనసులో పెట్టుకుని చుట్టపుచూపుగా వస్తున్నానని చెప్పి వీసా తీసుకుంటే అబద్ధం చెప్పినట్టు లెక్క, ఆ ముద్ర ఒకసారి పడితే ఎప్పటికీ అమెరికా గడప తొక్కనివ్వని పరిస్థితి రావచ్చు. పైగా పిటిషన్ అప్పటికే వేసి ఉంటే టూరిస్టు వీసా ఇవ్వడమే కష్టం. దాని గురించి ఇంతకంటే మాట్లాడనక్కర్లేదు.

ఇక అసలు విషయం. భర్తో భార్యో తన జీవిత భాగస్వామిని అమెరికాకి తెచ్చుకోవాలంటే ఐ-864 అనే ఫారం మీద సంతకం పెట్టాలి. ఇంగ్లీషులో దానికి పెద్ద పేరుంది, మన భాషలో అది పూచీకత్తు, అంతే. "ఈ మనిషి వచ్చి ప్రభుత్వం మీద భారం కాదు, పోషణ బాధ్యత నాది" అని పూచీ పడటం. 1996లో చేసిన చట్టంతో వచ్చింది, 1997 డిసెంబరు 19 నుంచి అమలవుతోంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడుకునే భాషలో రాయండయ్యా అని ఆయన ఇక్కడి నుంచే పోరాడారు, ఆ కబురు అమెరికా ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి అందినట్టు లేదు. ఆ ఫారం సూచనలు చదివితే మూడో పేజీకి తల తిరుగుతుంది.

కానీ అన్ని పేజీల్లోనూ ఎక్కడా "నీకు ఉద్యోగం ఉందా" అన్నది గీటురాయి కాదు. "నీ ఒళ్ళు బాగుందా" అన్నది అసలే లేదు. మెడికల్ పరీక్ష వెళ్ళే మనిషికే, పిలుచుకునే మనిషికి కాదు. అది అడిగేది రెండే: ఏడాదికి ఎంత వస్తోంది, ఆ డబ్బు ఏ రకం డబ్బు. ఈ రెండోది తెలియకే చాలా ఇళ్ళలో గుండెలు బాదుకుంటారు.

ఎంత అన్నది ముందు చూద్దాం. అమెరికా ప్రభుత్వం ఏటా పేదరికపు గీత ఒకటి గీస్తుంది, ఇంట్లో ఎంతమంది ఉంటే అంత పెరుగుతుంది. ఆ గీత మీద 125 శాతం ఆదాయం చూపించాలి. (సైన్యంలో పనిచేస్తూ భార్యనో పిల్లలనో పిలుచుకునేవాళ్ళకి 100 శాతం చాలు.) 2025లో ఇద్దరున్న ఇంటికి గీత 21,150 డాలర్లు, దాని మీద 125 శాతం అంటే 26,437. ముగ్గురుంటే 33,312. నలుగురికి 40,187. అలాస్కా, హవాయిల్లో ఇంకా ఎక్కువ. ఏటా మారతాయి కాబట్టి ఫారం వేసే రోజున ఐ-864పి అనే పట్టిక తెరిచి చూసుకోవాలి, నిరుడు ఎవరో వాట్సాప్‌లో పంపిన అంకె పట్టుకుని కూర్చోకూడదు.

మా బావగారికి డిజేబిలిటీ కింద నెలకి 2,100 డాలర్లు మంజూరైంది, అంటే ఏడాదికి 25,200. ఇద్దరి లెక్కకి తక్కువైంది 1,237 డాలర్లు. ఇంతేనా అనుకున్నాం. ఆ రాత్రి పిన్నికి ఫోన్ చేసి "నిద్రపో, ఏం పర్లేదు" అని కూడా చెప్పేశాను. తొందరపడ్డాను.

ఎందుకంటే ఇంట్లో ఇద్దరు కాదు, ముగ్గురు. 2023లో బావగారు వాళ్ళ అమ్మగారికి గ్రీన్‌కార్డు తెప్పించారు, అప్పుడు ఆవిడ కోసం ఇదే ఐ-864 మీద సంతకం పెట్టారు. ఆ పూచీ ఇంకా నడుస్తోంది. పాత పూచీ బతికున్నంతకాలం ఆ మనిషి మన లెక్కలో ఉంటారు, ఒకే ఇంట్లో ఉన్నా లేకపోయినా. తల్లినో తండ్రినో టాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్‌గా చూపించినా అంతే. తను, భార్య, పిల్లలు, డిపెండెంట్లు, ఇంతకుముందు పూచీ పడ్డవాళ్ళు, అందరినీ కలిపాకే గీత ఎక్కడుందో తెలుస్తుంది. ముగ్గురంటే 33,312. లోటు ఒక్కసారిగా 1,237 నుంచి 8,112కి ఎగబాకింది. ఒక్క అత్తగారు, దాదాపు ఏడు వేల డాలర్ల తేడా!

(ఈ మాట ఆవిడకి చెప్పకండి. ఆవిడే లేకపోతే ఆపరేషన్ తర్వాత ఆయనకి నీళ్ళిచ్చే దిక్కు లేదు.)

ఇప్పుడు డబ్బు రకం సంగతి. అమెరికాలో అంగవైకల్యం వచ్చినవాళ్ళకి సోషల్ సెక్యూరిటీ ఆఫీసు నుంచి వచ్చే డబ్బు రెండు రకాలు, పేర్లు కవల పిల్లల్లా ఉంటాయి. ఎస్‌ఎస్‌డీఐ, ఎస్‌ఎస్‌ఐ. మధ్యలో ఒక్క అక్షరం తేడా, ఫలితంలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ఎస్‌ఎస్‌డీఐ అంటే ఉద్యోగం చేసిన రోజుల్లో జీతంలోంచి కోసిన పన్ను తాలూకు బీమా, అది నువ్వు సంపాదించుకున్న హక్కు. ఐ-864లో పూర్తిగా ఆదాయం కింద లెక్కకొస్తుంది. ఎస్‌ఎస్‌ఐ అంటే పేదవాళ్ళకి, ఆస్తిపాస్తులు లేనివాళ్ళకి ఇచ్చే సాయం, 2025లో ఒక మనిషికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గరిష్ఠం నెలకి 967 డాలర్లు. ఇది ఒక్క డాలరు కూడా లెక్కకి రాదు. ఫుడ్ స్టాంపులు, మెడికెయిడ్, నగదు సాయం, ఇవేవీ రావు. అయితే అవి తీసుకుంటున్నంత మాత్రాన పూచీ పడే అర్హత పోదు, ఆ డబ్బు ఆదాయంగా చూపించుకోకూడదు, అంతవరకే. ఇది చాలామంది తప్పుగా అర్థం చేసుకుని, అవసరం ఉండి కూడా సాయం వదిలేసుకుంటున్నారు.

పని చేసే చోట దెబ్బ తగిలి వచ్చే వర్కర్స్ కాంపెన్సేషన్, ప్రైవేటు డిజేబిలిటీ ఇన్సూరెన్స్, పెన్షన్, నిరుద్యోగ భృతి, ఇవన్నీ లెక్కకొచ్చేవే. కాకపోతే ఎన్నాళ్ళు వస్తుందన్నది ఆఫీసర్ చూస్తాడు. మూడు నెలల్లో ఆగిపోయే భృతి చూపించి ఏడాది ఆదాయం అంటే నవ్వుతాడు.

ఎస్‌ఎస్‌ఐ మీద బతికేవాళ్ళకి ఇంకో మెలిక ఉంది, దీని మీద నాకు నిజంగా కోపం. ఆదాయం చాలకపోతే ఆస్తి చూపించమంటుంది ఇమ్మిగ్రేషన్ చట్టం. కానీ ఎస్‌ఎస్‌ఐ తీసుకునే మనిషి దగ్గర 2,000 డాలర్లకి మించి ఉండకూడదు, జంటకి 3,000, దాటితే సాయం ఆపేస్తారు. ఉండే ఇల్లు, ఒక కారు మాత్రం ఈ లెక్కలోకి రావు. ఒక చేత్తో "పొదుపు చూపించు" అంటారు, రెండో చేత్తో "పొదుపు ఉంటే తిండి ఆపేస్తాం" అంటారు. సొంతిల్లు ఉంటే దాని విలువలోంచి అప్పు తీసేసి చూపించుకోవచ్చు, లేకపోతే వాళ్ళకి మిగిలేది ఇంకొకరి పూచీ ఒక్కటే. ఎస్‌ఎస్‌డీఐకి ఈ ఆస్తి పరిమితి లేదు. మా బావగారిది అదే కావడం మా అదృష్టం.

అదృష్టమే గానీ, దాన్ని కాగితం మీద నిరూపించడం దగ్గర చిక్కొచ్చింది. ఫారంలో గత ఏడాది టాక్స్ రిటర్న్ అడుగుతారు. 2024 రిటర్న్‌లో ఆయన పాత జీతం పెద్ద అంకెగా కనిపిస్తోంది, అది చూపించి "ఇంత సంపాదిస్తున్నాడు" అనిపించేద్దామా అని ఇంట్లో ఒకరిద్దరికి ఆలోచన వచ్చింది. వద్దు. ఫారం అడిగేది ఇప్పటి ఆదాయం, పాత రిటర్న్ దానికి తోడు సాక్ష్యం మాత్రమే. అలాగే తిరగేసి చూస్తే, ఎస్‌ఎస్‌డీఐ తప్ప వేరే ఆదాయం లేనివాళ్ళలో చాలామందికి పన్నే పడదు, రిటర్న్ వేయాల్సిన అవసరమే రాదు, వేసినా అందులో ఆదాయం దాదాపు సున్నా కనిపిస్తుంది. రిటర్న్‌లో సున్నా ఉందని చేతిలో ఉన్నది సున్నా అయిపోదు. సోషల్ సెక్యూరిటీ వాళ్ళ వెబ్‌సైటు నుంచి బెనిఫిట్ వెరిఫికేషన్ లెటర్ తీసుకుని పెట్టాలి, ఏడాది మొత్తం ఎంత ఇచ్చారో చూపిస్తూ జనవరిలో వచ్చే ఎస్‌ఎస్‌ఏ-1099 కాగితం పెట్టాలి, రిటర్న్ ఎందుకు వేయలేదో ఒక పేజీలో సంతకంతో రాయాలి. ఇంకోటి, బ్యాంకులో పడే మొత్తం కాదు, లెటర్‌లో కోతలకి ముందున్న మొత్తం చూసుకోండి. మెడికేర్ ఆరోగ్య బీమా ప్రీమియం లాంటివి కోసేసి జమ చేస్తే బ్యాంకు స్టేట్‌మెంట్ తక్కువ చూపిస్తుంది. ఐ-864ఈజెడ్ అని చిన్న ఫారం ఒకటుంది, అది జీతం మీదనో పెన్షన్ మీదనో బతికేవాళ్ళకి. డిజేబిలిటీ డబ్బు చూపించేటప్పుడు పెద్ద ఫారమే నింపాలి.

సరే, 8,112 లోటు. దీన్ని పూడ్చడానికి దారులు చూశాం.

మొదటిది ఆస్తి. సిటిజన్ తన భార్యనో భర్తనో పిలుచుకుంటుంటే లోటుకి మూడు రెట్ల ఆస్తి చూపించాలి, గ్రీన్‌కార్డు వాళ్ళయితే ఐదు రెట్లు. 8,112కి మూడు రెట్లంటే 24,336 డాలర్లు. డాలరు 86 రూపాయలనుకుంటే దాదాపు 21 లక్షలు. ఆస్తి భర్తదే కానక్కర్లేదు, వెళ్ళే అమ్మాయిది కూడా పనికొస్తుంది, ఇండియాలో ఉన్నా పనికొస్తుంది. షరతేంటంటే ఏడాదిలోపు అమ్మి డబ్బు చేసుకోగలగాలి, ఆ డబ్బు దేశం దాటించగలగాలి. ఆ రెండోదానికి ఇబ్బంది లేదు, రిజర్వ్ బ్యాంకు పథకం కింద ఇక్కడ నివాసం ఉన్న మనిషి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు.

మా చెల్లి పేరు మీద నాలుగు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, పెళ్ళిలో పసుపుకుంకుమ కింద రాసిచ్చిన ఇంటి స్థలం ఉంది. పసుపుకుంకుమల స్థలం అమెరికా ఫారంలోకి ఎక్కుతుందని మా తాతగారు కలలో కూడా అనుకుని ఉండరు. వాల్యుయర్ వచ్చి టేపు పట్టుకుని కొలిచి, 14 లక్షలన్నాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో బెంచ్‌మార్క్ వాల్యూ అంతకంటే తక్కువ, బజారు రేటు ఎక్కువ, మూడూ మూడు రకాలు. వాల్యుయర్ రిపోర్టే పెట్టాలనుకున్నాం. పద్నాలుగూ నాలుగూ పద్దెనిమిది. మూడు లక్షలు తక్కువ.

భూమి చూపించేవాళ్ళకి ఇక్కడే ఓ మాట. మా జిల్లాలో గుమ్మా, రాయగడ బ్లాకుల్లాంటివి షెడ్యూల్డ్ ఏరియా, కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి జిల్లాలయితే మొత్తం అంతే. అక్కడ ఆదివాసీల భూమి ఆదివాసేతరులకి అమ్మడం 1956 నాటి రెగ్యులేషన్ ప్రకారం కుదరదు. కాబట్టి సవర కుటుంబం నుంచి వెళ్ళే అమ్మాయి తన పొలం పట్టా పెడితే, ఏడాదిలో డబ్బు చేసుకోవచ్చన్న మాట నిలబెట్టుకోవడం కష్టం. అలాంటివాళ్ళు బ్యాంకులో ఉన్నదే చూపించుకోవడం మేలు.

రెండో దారి జాయింట్ స్పాన్సర్, అంటే ఇంకొకరి పూచీ. చుట్టమే కానక్కర్లేదు, స్నేహితుడైనా సరే. కానీ సిటిజనో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయి ఉండాలి, అమెరికాలో నివాసం ఉండాలి. మనవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. "మా తమ్ముడున్నాడు, లక్షన్నర డాలర్లు సంపాదిస్తున్నాడు" అంటారు, తీరా చూస్తే తమ్ముడు హెచ్-1బీ మీద ఉంటాడు, గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ళ తరబడి నిలబడి ఉంటాడు, అతని సంతకం చెల్లదు. మాకు చివరికి అర్హత ఉన్నవాడు ఒక్కడే తేలాడు, బావగారి పెదనాన్న కొడుకు, టెక్సాస్‌లో. అతను, భార్య, ఇద్దరు పిల్లలు, మా చెల్లిని కలిపితే ఐదుగురు, 47,062 డాలర్లు అతనొక్కడి ఆదాయమే దాటాలి. బావగారి 25,200నీ ఇతని జీతాన్నీ కలిపి లెక్క కట్టడం కుదరదు. ఒకే ఇంట్లో ఉండే బంధువు అయితే ఐ-864ఏ మీద సంతకం పెట్టి ఆదాయాలు కలుపుకోవచ్చు, అది వేరే దారి, చెల్లి అత్తగారికి ఆదాయం లేదు కాబట్టి మాకు పనికిరాలేదు. జాయింట్ స్పాన్సర్ దొరికినా సరే, భర్త తన ఐ-864 విడిగా వేయాల్సిందే, ఆదాయం సున్నా అయినా సరే.

అతను ఫోన్‌లో "సరే" అన్నాడు, మర్నాడు అతని భార్య ఫోన్ చేసి మర్యాదగానే అడిగింది: "ఈ సంతకం ఎన్నాళ్ళుంటుందండీ?" నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది. మా ప్రాంతంలో జామీను సంతకం పెట్టి పొలం పోగొట్టుకున్న ఇళ్ళు వీధికొకటి ఉంటాయి, అడగడంలో తప్పేముంది. జవాబు ఇదీ: మా చెల్లి సిటిజన్ అయ్యేదాకా, లేదా సోషల్ సెక్యూరిటీ లెక్కలో 40 క్వార్టర్ల (అంటే సుమారు పదేళ్ళ) పని పూర్తయ్యేదాకా, లేదా ఆవిడ గ్రీన్‌కార్డు వదులుకుని దేశం విడిచి వెళ్ళిపోయేదాకా, లేదా చావు దాకా. విడాకులైతే? విడాకులతో పూచీ పోదు. మొగుడూ పెళ్ళాలు విడిపోయినా పూచీ పడ్డవాడు పూచీ పడే ఉంటాడు, పోషించలేదని ఆవిడ కోర్టుకెక్కితే ఇద్దరి మీదా ఎక్కవచ్చు. ఇల్లు మారితే 30 రోజుల్లో ఐ-865 మీద కొత్త అడ్రసు తెలపాలి కూడా. ఇవన్నీ దాచకుండా చెప్పాను. ఆవిడ "ఆలోచించుకుని చెప్తాం" అంది. నేనైనా అంతే అనేవాణ్ణి.

మూడో దారి బావగారే కనిపెట్టారు, నాకు తట్టనే లేదు. 8,112ని పన్నెండు నెలలకి పంచితే నెలకి 676 డాలర్లు. డిజేబిలిటీ మీద ఉన్నవాళ్ళు ఒక్క డాలరు సంపాదించినా బెనిఫిట్ ఊడిపోతుందని అందరి భయం. నిజానికి ఎస్‌ఎస్‌డీఐలో 2025 లెక్క ప్రకారం నెలకి 1,160 దాటితేనే అది ట్రయల్ వర్క్ నెల (మళ్ళీ పని చేయగలరేమో చూసుకునే నెల) కింద పడుతుంది, ఆ ట్రయల్ నెలలు తొమ్మిది అయిపోయాక 1,620 దాటితే అప్పుడు బెనిఫిట్‌కి ముప్పు. ఏడువందలు సంపాదిస్తే అసలు మొదటి గీతే తగలదు. సోషల్ సెక్యూరిటీకి చెప్పి చేయాలి, అంతే. (ప్రైవేటు ఇన్సూరెన్స్ డబ్బు తీసుకునేవాళ్ళు మాత్రం పాలసీ చదువుకోవాలి, వాళ్ళ నియమాలు వేరు, సంపాదన చూపించగానే కోసేసేవి ఉంటాయి.) పడుకునే చేయగలిగిన పని ఒకటి దొరికింది ఆయనకి, వారానికి పది గంటలు, ఇంటి నుంచే, ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. నెలకి 700. ఏడాదికి 8,400. మొత్తం 33,600. గీత కంటే 288 డాలర్లు పైన!

288 అంటే ఏమీ కాదు, ఆఫీసర్ ఒక్క నెల జీతం రసీదు చూసి మొహం చిట్లిస్తే చాలు. ఐ-864 సరిపోయినా, వెళ్ళేవాళ్ళ వయసు, ఆరోగ్యం, చదువు, పనితనం అన్నీ చూసి "భారం అవుతారా" అని నిర్ణయించే అధికారం అతనిదే. అందుకే చెల్లి ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా పెట్టాం. నాలుగు లక్షలంటే సుమారు 4,650 డాలర్లు, మూడు రెట్ల నియమంలో అది 1,550 డాలర్ల లోటుని కప్పుతుంది. స్థలం కాగితాలు తోడు. చెల్లి బీఎస్సీ నర్సింగ్ సర్టిఫికెట్లు కూడా పెట్టించాను, ఎవరూ అడగకపోయినా.

పెళ్ళయి చాలా ఏళ్ళయినవాళ్ళకి ఒక సంగతి పనికొస్తుంది. 40 క్వార్టర్లన్నానే, పెళ్ళయ్యాక భర్త అమెరికాలో చేసిన పని భార్య ఖాతాలో కూడా లెక్కవేసుకోవచ్చు. భర్త అక్కడా భార్యాపిల్లలు బరంపురంలోనూ ఉండిపోయిన పాత కుటుంబాలు నాకు తెలుసు. పెళ్ళయ్యాక అతను పదేళ్ళు పన్ను కడుతూ పని చేసి ఉంటే, 40 పూర్తయి, ఐ-864తో పనే ఉండకపోవచ్చు. 2025లో 1,810 డాలర్ల సంపాదనకి ఒక క్వార్టర్, ఏడాదికి నాలుగుకి మించవు. తర్వాత వికలాంగుడైనా ఆ పాత పని ఎక్కడికీ పోదు.

డబ్బు కంటే ఎక్కువ గొడవ జరిగింది ఇంకోదాని మీద. బరంపురంలో బావగారి మేనమామ ఒకాయన, "ఇంటర్వ్యూలో కాలు సంగతి చెప్పకమ్మా, అవిటివాడని తెలిస్తే వీసా ఇవ్వరు" అని చెల్లికి నూరిపోశాడు. ఆ పిల్ల భయపడి నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, అడిగితే ఏం చెప్పను, మామూలుగా నడుస్తారని చెప్పేయనా" అంది. ఒసే, ఫైల్లో మొదటి కాగితమే డిజేబిలిటీ లెటర్, దాని మీదే కదా మన ఆదాయం నిలబడింది! భర్తకి ఏం జరిగిందో, ఏ కాలో, ఎప్పుడు ఆపరేషన్ అయిందో తెలియని భార్యని చూస్తే ఇది దొంగ పెళ్ళేమో అని అనుమానం వస్తుంది ఆఫీసర్‌కి. తెలిసి చెప్పిన భార్యని చూస్తే కాపురం కనిపిస్తుంది. ఆపరేషన్ అయిన రాత్రి వీడియో కాల్‌లో తెల్లవారుజాము దాకా మేలుకుని ఉందా పిల్ల. ఆ కాల్ వివరాలు ప్రింటు తీసి పెట్టాం.

ఇక సరిహద్దు వాళ్ళ ప్రత్యేక తద్దినం, పేర్లు. మన పేర్లు తెలుగు, రికార్డులు ఒడియా, పాస్‌పోర్టు ఇంగ్లీషు. ఒడియాలో రాసేటప్పుడు మన "వ" పోయి "బ" వస్తుంది, లేదా "భ". పేరులో వెంకట ఉన్న ప్రతివాడూ పట్టాలో బెంకటో భెంకటో అవుతాడు. ఆ పట్టాని ఇంగ్లీషులోకి అనువాదం చేసినవాడు ఉన్నది ఉన్నట్టు "బీ"తో రాసేశాడు, దాంతో మా బాబాయి ఒక కాగితంలో ఒక మనిషి, ఇంకో కాగితంలో ఇంకో మనిషి అయ్యాడు. పైగా ఇంటిపేరు స్కూలు సర్టిఫికెట్‌లో ముందు, పాస్‌పోర్టులో వెనక. ఇద్దరూ ఒకరే అని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించాం. ఒడియాలో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం, కింద అనువాదకుడి సంతకంతో ధ్రువీకరణ ఉండాలి. అనువాదకుడి పక్కన తెలుగొచ్చినవాళ్ళు కూర్చుంటే సగం గొడవ అక్కడే పోతుంది, నేను రెండోసారి అదే చేశాను.

అన్ని దేశాలూ ఇలాగే ఆలోచిస్తాయనుకోకండి. కెనడాలో భార్యనో భర్తనో పిలుచుకోవడానికి మామూలుగా కనీస ఆదాయ నియమమే లేదు. ప్రభుత్వ సాయం మీద బతికేవాళ్ళు పిలుచుకోకూడదు, కానీ ఆ సాయం అంగవైకల్యం వల్ల వచ్చేదైతే మినహాయింపు ఉంది. పూచీ మూడేళ్ళే. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 11 నుంచి ఏడాదికి 29,000 పౌండ్లు ఉండాలంటున్నారు, అంతకుముందు 18,600 ఉండేది. కానీ పిలుచుకునే మనిషికి పీఐపీ లాంటి వైకల్య భత్యం వస్తుంటే ఆ 29,000 నియమం వర్తించదు, ఇంటి అద్దె, పన్ను పోగా ఇద్దరు బతకడానికి సరిపడా మిగులుతుందా అని మాత్రం చూస్తారు. అంటే బ్రిటన్‌లో వైకల్యం కాగితమే గేటు తెరుస్తుంది, అమెరికాలో ఆ కాగితం వెనకున్న డాలర్లు మాత్రమే తెరుస్తాయి. లండన్‌లో కూతురున్న మా ఎదురింటి వాళ్ళకి ఈ ముక్క చెప్తే ఓ పూట నమ్మలేదు.

టెక్సాస్ నుంచి సెప్టెంబరులో ఫోన్ వచ్చింది. పెదనాన్న కొడుకు భార్యే. "మీరు విడాకుల సంగతి దాచకుండా చెప్పారు కదండీ, అందుకే సంతకం పెడుతున్నాం" అంది. ఇప్పుడు ఆ ఐ-864 కూడా ఫైల్లో ఉంది, అవసరం పడితే వాడటానికి.

ఇంటర్వ్యూ ముంబైలో. పలాస దాకా బస్సు, అక్కడి నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్, రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి తేదీ వచ్చిన రాత్రే చేసేశాను, చెల్లికీ బాబాయికీ కింద బెర్తులు. సోషల్ సెక్యూరిటీ డబ్బు 2026 జనవరి నుంచి 2.8 శాతం పెరిగింది, అందుకని పాత లెటర్ తీసేసి కొత్తది పెట్టాలి. బావగారు నిన్న రాత్రి మెయిల్ చేశారు. రేపు స్కూలు వదిలాక జిరాక్స్ షాపుకి వెళ్ళి కలర్ ప్రింటు తీయించాలి.